ఆ మధ్యాహ్నం ఎవరిది?

మాస్టారి స్మారకోపన్యాసం, మాదాపూర్

 

ఆహ్వానపత్రికలో మాస్టారి పేరు ముందు మూడు బిరుదులు వేశారు. ఆయన ఉంటే ఎర్ర ఇంకు పెన్నుతో మూడూ కొట్టేసేవారు. అందుకని ఈ గంటసేపూ ఆయన్ని మాస్టారు అనే అంటాను. నలభై ఏళ్లుగా నా నోటికి అలవాటైన మాట అదే.

1986 వానాకాలం. సిద్దిపేట దగ్గర ఒక ఊరికి మా డిగ్రీ క్లాసును మాస్టారు తీసుకెళ్లారు. చేతికి తలా ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి, పొలం గట్టు మీద నిలబెట్టారు. నాట్లు పడుతున్నాయి. ఒక మడిలో రోజుకూలికి, పక్క మడిలో గుత్తకు. రెంటిలోనూ ఒకే వాడకట్టు ఆడవాళ్లు. అదే నారు, అదే బురద, అవే చేతులు. గుత్త మడి అన్నాల వేళకే నిండిపోయింది. కూలి మడి దీపాల వేళ దాకా సాగింది. ఎందుకని అడగమని నన్ను ముందుకు తోశారు. నడుము నిటారు చేసి ఒకావిడ చెప్పింది: "కూలికైతే పొద్దు దిక్కు చూస్తం, గుత్తకైతే పని దిక్కు చూస్తం సారూ." నన్ను సారూ అన్నది అదే మొదటిసారి కాబట్టి ఆ మాట గుర్తుండిపోయింది.

తిరుగు బస్సులో మాస్టారు వేసిన ప్రశ్న మాత్రం నాకు అప్పుడు అర్థం కాలేదు. "గుత్త మడిలో ఒక మధ్యాహ్నం మిగిలిందయ్యా. ఆ మధ్యాహ్నం ఎవరిది?"

నాటేసినవాళ్లది, అన్నాను. వాళ్లు ఇంకో మడికి పోయి ఇంకో గుత్త పట్టుకున్నారు కదా.

"మరి కూలి మడిలో వాళ్లు అంతే వేగంగా నాటి ఉంటే?"

ఆసామిది. మిగిలిన పూట వాళ్ల చేత ఇంకో పని చేయించుకుంటాడు, లేదా రేపటి కూలీల్లో ఇద్దర్ని తగ్గించుకుంటాడు.

"అంతే. ఇక రాసుకో" అన్నారు. ఏం రాసుకోవాలో చెప్పలేదు. ఆ తర్వాత పాతికేళ్లు ఇక్కడే, ఈ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, రిటైరై, ఒక సాయంత్రం కాలిక్యులేటర్ ముందు కూర్చున్నాక రాసుకున్నాను. ఈ రోజు చదువుతున్నది అదే.

ముందు కొంచెం పాఠం తప్పదు. 1957లో రాబర్ట్ సోలో అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక లెక్క కట్టాడు. 1909 నుంచి 1949 దాకా అమెరికాలో మనిషి గంటకు తీసే ఉత్పత్తి సుమారు రెట్టింపయింది. మనిషి చేతిలోని యంత్రాలు, సామగ్రి పెరగడం వల్ల అందులో ఎంత వచ్చిందో లెక్కేస్తే ఎనిమిదో వంతు తేలింది. మిగతా ఏడు వంతులూ ఎక్కడివి? సాంకేతిక మార్పు అన్నాడు. మాస్టారు దాన్ని శేషం అనేవారు, భాగహారంలో అడుగున మిగిలే శేషం. అది మన అజ్ఞానానికి కొలత అని అంతకు ముందే మోజెస్ అబ్రమోవిట్జ్ ఒప్పుకున్నాడు కూడా.

తర్వాత డేల్ జోర్గెన్సన్ అనే ఇంకో ఆర్థికవేత్త వచ్చాడు. ఆయన వాదం కటువైంది. ఉత్పత్తికి వాడిన ప్రతిదాన్నీ సరిగ్గా కొలవండి, శేషం చాలావరకు కరిగిపోతుంది అన్నాడు. 1990లలో కెవిన్ స్టైరోతో కలిసి కంప్యూటర్ల మీద ఇదే ప్రశ్న వేశాడు. కంప్యూటర్ ధర ఏటేటా పడిపోతోంది. ధర పడితే ఎవరైనా ఏం చేస్తారు? ఖరీదైనదాన్ని తగ్గించి చౌకదాన్ని వాడతారు. గుమాస్తా బదులు కంప్యూటర్, టైపు మిషను బదులు కంప్యూటర్. వాడినవాళ్లకు లాభమే. అయితే అది బదులు పెట్టుకోవడం మాత్రమే. అదే సరంజామాతో ఎక్కువ పండించడం వేరు. అసలైన శేషం కంప్యూటర్ తయారుచేసే చోట పుడుతుంది. కొనుక్కుని బల్ల మీద పెట్టుకున్నంత మాత్రాన కొన్నవాడి దగ్గర పుట్టదు.

ఇది అర్థం కాకపోతే పొలానికి రండి. కొడవలి పోయి హార్వెస్టర్ వచ్చింది. కూలి రేటు పెరిగింది, మనుషులు దొరకడం లేదు, మిషను అద్దె గిట్టుబాటైంది. కాబట్టి మనిషి బదులు మిషను. ఎకరానికి బస్తాలు పెరిగాయా? లేదు. గడ్డి నలిగిపోయింది, ఆ గడ్డిని కట్టలు కట్టడానికి మళ్లీ ఇంకో మిషను వచ్చింది. ఇప్పుడు విత్తనం సంగతి చూడండి. మేం పొలం గట్టు మీద నిలబడ్డ ఆ 1986లోనే బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 విడుదలైంది. మనందరి కంచాల్లోకీ వచ్చిన సాంబా మసూరి అదే. తర్వాత రాజేంద్రనగర్‌లో ఆర్‌ఎన్‌ఆర్ 15048, తెలంగాణ సోనా, వచ్చింది. అది బీపీటీ కన్నా ఇరవై రోజుల ముందే కోతకొస్తుంది. అదే మడి, అదే రైతు. ఇరవై రోజుల నీళ్లు మిగిలాయి. ఇది శేషం.

మన చెన్నమనేని హనుమంతరావు గారు 1975లోనే హరిత విప్లవం మీద పుస్తకం రాస్తూ ఈ రెండు దారులనూ విడదీసి చూశారు. విత్తనం, ఎరువు దారి ఒకటి. ట్రాక్టరు దారి ఇంకొకటి. ఏ దారిలో లాభం ఎవరికి ఎంత చేరుతుందన్నది ఆయన ప్రశ్న. పుస్తకం పేరులోనే ఆ ప్రశ్న ఉంది: సాంకేతిక మార్పు, లాభాల పంపిణీ. పొలం గురించి రాసిన ఆ పుస్తకాన్ని ఐటీ కారిడార్‌లో చదవాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఇక మాదాపూర్. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు చుట్టూ బండరాళ్లు, సీతాఫలం చెట్లు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. మేం చేసిన పని ఏమిటంటే, వై2కె. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు రాసి పెట్టుకున్నారు, 2000 వచ్చేసరికి 1900 అనుకుంటాయి. ఆ వరసలన్నీ వెతికి సరిచేయాలి. కొత్తగా కనిపెట్టేదేమీ లేదు, ఓపిక కావాలి, మనుషులు కావాలి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ మెయిన్‌ఫ్రేమ్ పోస్టర్లే. మూడు నెలల కోర్సు చేసి, చేతిలో ఫైలుతో బస్సెక్కితే ఉద్యోగం.

అమెరికన్ కంపెనీ వైపు నుంచి చూస్తే ఇది హార్వెస్టర్ లాంటిదే. అక్కడి గంట ఖరీదు, ఇక్కడి గంట చౌక. శాటిలైట్ లింకు, ఆ తర్వాత సముద్రం కింద కేబులు ఆ రెండు గంటలనూ కలిపాయి. ఖరీదైన గంట బదులు చౌక గంట. వాళ్లకు రాత్రయితే మనకు పగలు, అది కొసరు. నేను దీన్ని తక్కువ చేయడం లేదు. ఆ చౌక గంట వల్లే మా చెల్లెలి పెళ్లయింది, మా ఊళ్లో ఇల్లు లేచింది. ఈ హాల్లో ఉన్న సగం మంది ఇళ్లూ అలాగే లేచాయి. కానీ అమ్మింది ఏమిటో తెలుసుకుని అమ్మాలి కదా. మేం గంటలు అమ్మాం. రోజుకూలి.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీస్తాను. విసుగనిపించినా రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన అంకెలే తీసుకుందాం. 2013-14లో ఐటీ ఎగుమతులు 57,258 కోట్లు, ఉద్యోగులు 3.23 లక్షలు. 2022-23లో ఎగుమతులు 2,41,275 కోట్లు, ఉద్యోగులు 9.05 లక్షలు. తొమ్మిదేళ్లలో ఎగుమతులు నాలుగు రెట్లు దాటాయని పేపర్లన్నీ రాశాయి. నిజమే. ఉద్యోగులతో భాగించి చూడండి. తలకు 17.7 లక్షల రూపాయల నుంచి 26.6 లక్షలకు పెరిగింది. నాలుగు రెట్లు కాస్తా ఒకటిన్నర రెట్లయింది.

అక్కడితో ఆగకూడదు. మనం అమ్మేది డాలర్లకు. 2013-14లో డాలరు సగటున అరవై రూపాయల పైచిలుకు, 2022-23లో ఎనభై దాటింది. డాలర్లలోకి మార్చి చూస్తే తలకు 29 వేల నుంచి 33 వేలకు వచ్చింది. తొమ్మిదేళ్లకు పదమూడు శాతం. ఏడాదికి ఒకటిన్నర శాతం కూడా కాదు. ఆ తొమ్మిదేళ్లలో అమెరికాలో ధరలు నాలుగో వంతుకు పైగా పెరిగాయి. పాత ధరల్లో చూస్తే 29 వేలు కాస్తా 26 వేల దగ్గరికి దిగింది.

ఇదే లెక్కను ఇంకోలా పంచి చూశాను. ఎగుమతుల పెరుగుదల మొత్తాన్ని ఒక రూపాయి అనుకుంటే, అందులో సుమారు 72 పైసలు మనుషుల్ని చేర్చుకోవడం వల్ల, 20 పైసలు రూపాయి విలువ పడిపోవడం వల్ల వచ్చాయి. తలకు వచ్చే డాలర్లు పెరగడం వల్ల వచ్చింది 8 పైసలు.

ఎనిమిది పైసలు చూసి రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మళ్లీ చేశాను. అంతే వచ్చింది.

ఈ లెక్కకు అభ్యంతరాలు ఉన్నాయి, వాటిని దాచను. ఎగుమతుల విలువే ఆదాయం కాదు. కరోనా తర్వాత రెండేళ్లలో కంపెనీలు ఫ్రెషర్లను విపరీతంగా తీసుకున్నాయి. పని నేర్చుకునేవాళ్లు ఎక్కువైతే సగటు దిగుతుంది, అది తాత్కాలికం కావచ్చు. సాఫ్ట్‌వేర్ నాణ్యత పెరిగితే దాన్ని ధరలో పట్టుకోవడం కష్టం. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా ఎనిమిది పైసలు పదిహేను అవుతాయేమో, యాభై కావు.

1994లో ఆర్థికవేత్త పాల్ క్రుగ్మన్, ఆల్విన్ యంగ్ లెక్కల ఆధారంగా, సింగపూర్ గురించి ఇలాంటి మాటే అన్నాడు. అక్కడి వృద్ధిలో ఎక్కువ భాగం ఇంకా ఎక్కువ మందిని పనిలో పెట్టి, ఇంకా ఎక్కువ పెట్టుబడి పెట్టి రాబట్టిందేనని. సింగపూర్ వాళ్లకు కోపం వచ్చింది. కోపం వచ్చినా లెక్కను పట్టించుకుని, ఉత్పాదకతను ప్రభుత్వ విధానంలోకి తెచ్చారు. మనకు ఇంకా కోపం కూడా రాలేదు.

అసలు సంగతి ఇంతకన్నా చిక్కుగా ఉంది. హైదరాబాద్‌లో ఇప్పుడు జోరుగా పెరుగుతున్నవి జీసీసీలు, అంటే విదేశీ కంపెనీలు సొంతంగా పెట్టుకున్న కేంద్రాలు. ఇలాంటి కేంద్రం తన మాతృసంస్థకు బిల్లు ఎలా వేస్తుంది? సాధారణంగా జీతాలు, అద్దె, కరెంటు, బస్సులు అన్నీ కూడి, దాని మీద కొంత శాతం వేసి. ఖర్చే ధర. ఇక్కడి ఇంజనీరు రాసిన పది వరసలు ఆ కంపెనీకి కోటి డాలర్లు మిగిల్చినా, మన ఎగుమతుల పద్దులో పడేది ఆ ఇంజనీరు జీతం, దాని మీద ఆ శాతం. ఆ కోటి డాలర్లు సియాటిల్‌లోనో న్యూయార్క్‌లోనో లాభం పద్దులో చేరతాయి. అంటే ఈ పద్ధతిలో ఉత్పాదకత పెరిగినా మన అంకెల్లో కనిపించే దారే లేదు. సగం మందితో అదే పని చేస్తే మన ఎగుమతులు సగమవుతాయి! శేషం పుట్టేది మాదాపూర్‌లో, దాని బర్త్ సర్టిఫికెట్ మాత్రం అక్కడిది.

సర్వీసు కంపెనీల సంగతి నా అనుభవంలోంచే చెబుతాను. ఏ కంపెనీ అన్నది అనవసరం, ఎక్కడైనా అంతే. ఒక అమెరికన్ బీమా కంపెనీకి వాళ్ల రాత్రి, అంటే మన పగలు, నడిచే బ్యాచ్ జాబులు చూసే టీము మాది, పదకొండు మంది. ప్రతిరోజూ ఎక్కడో ఒక జాబు ఆగుతుంది, లాగ్ చూసి మళ్లీ నడిపించాలి. మా టీములో ఖమ్మం నుంచి వచ్చిన ఒకమ్మాయి, నేను కలిసి ఒక స్క్రిప్టు రాశాం. అది చాలావరకు తనే చూసుకునేది. ఐదుగురు చాలు. ఎంత సంబరంగా మేనేజరు దగ్గరికి వెళ్లామో! ఆయన స్క్రీను చూశాడు, మా మొహాలు చూశాడు, తలుపు వేశాడు. "బానే ఉంది. ఆరుగురి బిల్లింగ్ పోతుంది, తెలుసా? క్లయింటు కాల్‌లో దీని మాట ఎత్తకండి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన టార్గెట్ ఆయనకుంది. మిగతా ఆరుగురి ఇంటి లోన్లూ ఆయనకు తెలుసు. మేం ఎత్తలేదు. స్క్రిప్టు నడుస్తూనే ఉంది, మేం క్యారమ్స్ ఆడుకున్నాం. ఏడాదిన్నర తర్వాత కాంట్రాక్టు మళ్లీ రాసుకునే వేళకు క్లయింటుకు తెలిసింది. టీము ఐదుకు దిగింది. రేటు కూడా తగ్గించారు. ఆ అమ్మాయికి ఒక మెమెంటో ఇచ్చారు.

మెమెంటో ఇచ్చిన రోజు క్యారమ్స్ బోర్డు ముందు మాస్టారి ప్రశ్న నాకు మొదటిసారి అర్థమైంది. ఆ మధ్యాహ్నం ఎవరిది? కూలి మడిలో వేగంగా నాటినవాళ్లకు దక్కేది మరుసటి రోజు కూలి పోవడం. వాళ్లు పొద్దు దిక్కు చూడటంలో తప్పేముంది?

ఇప్పుడు కొంచెం బయటికి వద్దాం. ఉత్పాదకత నెమ్మదించడం మన ఒక్కరి గోడు కాదు. అమెరికాలో రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1973 దాకా గంటకు ఉత్పత్తి ఏటా సుమారు 2.8 శాతం పెరిగింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలు సుమారు ఒకటిన్నర. కంప్యూటర్లు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి గానీ ఉత్పాదకత పట్టికల్లో కనిపించడం లేదని సోలో వెక్కిరించింది 1987లో. 1995 నుంచి పదేళ్లు మళ్లీ దూకింది, అది మన హైటెక్ సిటీ పుట్టి పెరిగిన కాలం. 2005 తర్వాత మళ్లీ ఒకటిన్నర దగ్గరికి పడిపోయింది. స్మార్ట్‌ఫోన్, క్లౌడ్ అన్నీ వచ్చింది ఆ పడిపోయిన కాలంలోనే.

ఎందుకు? కరెంటు, నల్లా నీళ్లు, మోటారు ఇచ్చినంత ఊపు ఈ కొత్తవి ఇవ్వలేవని ఆర్థికవేత్త రాబర్ట్ గోర్డన్ వాదం. 1990లో ఇంకో ఆర్థికవేత్త పాల్ డేవిడ్ చెప్పిన జవాబు నాకు ఎక్కువ నచ్చుతుంది, దానికి కారణం మా ఊరి రైస్ మిల్లు. చిన్నప్పుడు ఆ మిల్లులో ఒకే పెద్ద డీజిల్ ఇంజను. పైన కప్పు కింద పొడవాటి ఇనుప షాఫ్టు, దాన్నుంచి తోలు బెల్టులు కిందికి దిగి ఒక్కో మిషన్నీ తిప్పేవి. ఏ ఒక్కటి తిప్పాలన్నా అన్నీ తిరగాల్సిందే. కరెంటు వచ్చాక షావుకారు ఇంజను తీసేసి దాని చోట మోటారు పెట్టాడు. షాఫ్టు అదే, బెల్టులు అవే. ఖర్చు కొంచెం తగ్గింది, అంతే. ఆయన కొడుకు వచ్చి మిషనుకో చిన్న మోటారు పెట్టి, షాఫ్టు పీకేసి, మిల్లును ధాన్యం నడిచే వరసలో మళ్లీ కట్టాక గానీ లాభం తెలియలేదు. అమెరికా ఫ్యాక్టరీల్లో ఇదే కథ 1880ల నుంచి 1920ల దాకా నడిచిందని డేవిడ్ చూపించాడు. ఇంజను బదులు మోటారు పెట్టడం ఒక్క రోజు పని. మిల్లును మళ్లీ కట్టడానికి ఒక తరం పట్టింది.

మన దేశానికి వస్తే ఇంకో ముడి ఉంది. దేశం మొత్తం మీద ఐటీ రంగంలో ఉన్నది యాభై లక్షల పైచిలుకు మంది. పనిచేసేవాళ్లలో నూటికి ఒక్కరు. ఆ ఒక్కరు ఎంత పరిగెత్తినా సగటు ఎంతని కదులుతుంది? మిగతా చోట చూడండి. ప్రభుత్వ కార్మిక సర్వే ప్రకారం వ్యవసాయంలో ఉన్నవాళ్ల వాటా 2018-19లో 42.5 శాతం, కరోనా మొదలైన 2019-20లో 45.6కు ఎగబాకింది, 2023-24లోనూ 46 దగ్గరే ఉంది. పల్లె నుంచి పట్నానికి రావాల్సిన చేతులు పట్నం నుంచి పల్లెకు పోయాయి, తిరిగి రాలేదు. రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో రాష్ట్రంలో మొదటిది. అదే జిల్లాలో గచ్చిబౌలి నుంచి రెండు గంటలు బస్సులో వెళితే పత్తి చేలు వస్తాయి. ఆ రెండు గంటల్లో ఆర్థిక చరిత్ర వందేళ్లు వెనక్కి నడుస్తుంది.

నేలను చూడండి. ఇక్కడ బదులు పెట్టడం కళ్లకు కట్టినట్టు కనిపించేది నేలలోనే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. నేల అంత ఖరీదైతే నేల బదులు ఇనుము, సిమెంటు వాడతారు. పైకి లేపుతారు. కడుతున్న టవర్లను చూసి ఊరు ఎదిగిందంటారు. నా కంటికి అది నేల రేటు గీసిన గ్రాఫు. 2023 సెప్టెంబరులో మైండ్‌స్పేస్‌లో రెండు భవనాలను పేల్చి కూల్చారు, ఇంకా పెద్దవి కట్టడానికి. మా కళ్ల ముందు లేచినవి మా కళ్ల ముందే పడ్డాయి. అందులో పనిచేసిన మిత్రుడొకరు ఆ వీడియో నాకు పంపి, కింద ఏమీ రాయలేదు.

ఇప్పుడు ఏఐ. పిల్లలంతా దీని కోసమే ఎదురుచూస్తున్నారని తెలుసు.

మూడు పరిశోధనల మాట చెబుతాను. 2023లో ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ బృందం ఐదువేల మందికి పైగా కస్టమర్ సపోర్టు ఉద్యోగులను చూసింది. ఏఐ సాయంతో సగటున 14 శాతం ఎక్కువ పని జరిగింది. కొత్తగా చేరినవాళ్లకైతే 34 శాతం. అనుభవం ఉన్నవాళ్లకు దాదాపు ఏమీ లేదు. 2025లో మెటర్ అనే సంస్థ పదహారు మంది తలపండిన ప్రోగ్రామర్ల చేత 246 పనులు చేయించింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. 20 శాతం తొందరగా చేశామని వాళ్లు మాత్రం నమ్మారు! ఇది చదివి నవ్వుకున్నాను, నా యాభయ్యేళ్ల వయసులో జిమ్‌లో చేరిన అనుభవం గుర్తొచ్చి. మూడోది, నోబెల్ గ్రహీత డారన్ అసెమోగ్లూ 2024లో కట్టిన లెక్క: పదేళ్ల మొత్తానికి ఏఐ వల్ల అమెరికాలో మొత్తం కారకాల ఉత్పాదకత, అంటే మన శేషం, పెరిగేది 0.66 శాతం మించదని. మనిషిని తీసేసి, పనిని మాత్రం ఏమంత మెరుగుపరచని యంత్రాలు కొన్ని ఉన్నాయంటాడాయన. మన మాటలో, అంతంతమాత్రపు యంత్రాలు.

ఈ మూడూ కలిపి మాదాపూర్ మీద పెట్టండి. ఏఐ చేయగలిగేది ఎక్కువగా కొత్తవాళ్ల పని. మన కంపెనీల కట్టడమే కొత్తవాళ్ల మీద నిలబడ్డది: అడుగున వందమంది ఫ్రెషర్లు, పైన పదిమంది లీడ్లు, ఆ పైన ఒక మేనేజరు. ఒకప్పుడు అమెరికన్ గంట బదులు మన గంట పెట్టారు. ఇప్పుడు మన గంట బదులు యంత్రం గంట పెడతారు. బదులు వచ్చినవాడి బదులు ఇంకొకటి వచ్చింది. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతం, పన్నెండు వేల మందికి పైగా, తగ్గిస్తామని ప్రకటించింది. అందులో ఏఐ పాత్ర ఎంత అన్నది వేరే చర్చ. నేను చూసేది ఒప్పందం కాగితం. అది రోజుకూలి కాగితమైతే, యంత్రం మిగిల్చిన ప్రతి మధ్యాహ్నమూ క్లయింటుదే. గుత్త కాగితమైతే మనది.

గుత్త పట్టడం తేలిక కాదని నాకు తెలుసు. మడి ఎంత ఉందో, బురద ఎంత లోతో ముందే అంచనా కట్టాలి. తప్పితే నష్టం మనదే. ఫిక్స్‌డ్ బిడ్ ప్రాజెక్టుల్లో చేతులు కాల్చుకున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు, ఒకరు తలాడిస్తున్నారు కూడా. అందుకే ఇన్నేళ్లూ కూలికే పోయాం. గుత్తకు ధైర్యంతో పాటు మడిని ఎరిగి ఉండటం కావాలి. బీమా అంటే ఏమిటో, ఆసుపత్రి ఎలా నడుస్తుందో తెలిసినవాడే గుత్త పట్టగలడు. మనం పిల్లలకు జావా నేర్పాం, బీమా నేర్పలేదు.

ఇంకొక మడి ఉంది, ఇంటి పక్కనే. 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. అంతకు ముందు కరెంటు బిల్లుకొక క్యూ, నీళ్ల బిల్లుకొక క్యూ, ఫోను బిల్లుకొక క్యూ. మా నాన్న ఒక్కో నెలలో రెండు సెలవులు దీనికే పెట్టేవారు. ఈ-సేవతో అన్నీ ఒకే కిటికీ దగ్గరయ్యాయి. ఆ మిగిలిన పూటలు ఏ జీడీపీలోనూ ఎక్కలేదు, కానీ అవి మా నాన్నవి. బదులు పెట్టడంతో సరిపెట్టకుండా మిల్లును మళ్లీ కట్టిన పని అది. తొమ్మిది లక్షల మంది ఐటీ ఉద్యోగులున్న రాష్ట్రంలో, వడ్లు కొనే ఐకేపీ కేంద్రం ముందు రైతు ఇవాళ్టికీ వడ్లు కుప్పపోసి, తేమ శాతం కోసం, లారీ కోసం రోజుల తరబడి కాపలా పడుకుంటాడు. వాన వస్తే తడుస్తాయి. ఆ లారీల వరస దిద్దడం అమెరికన్ బీమా బ్యాచ్ జాబు కన్నా కష్టమైన లెక్కేమీ కాదు. గంటకు ఇన్ని డాలర్లని బిల్లు వేయడానికి అక్కడ ఎవరూ లేరు, అంతే. కడితే ప్రభుత్వమే గుత్తకివ్వాలి, ఫలానా రోజులోగా వడ్లు ఎత్తితే ఇంత అని.

మాస్టారు చివరి రోజుల్లో నిమ్స్‌లో ఉన్నప్పుడు చూడబోయాను. పక్క మంచం దగ్గర నర్సు పేపరు మీద ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి అదే బీపీ రాస్తోంది. ఆయన చూపుడువేలు కొద్దిగా ఎత్తి అటు చూపించారు. మాట్లాడే ఓపిక లేదు. నాకు అర్థమైంది. షాఫ్టు తీయకుండా మోటారు పెట్టారు.

ఇక ముగిస్తాను. ఏటా ప్రభుత్వం ఐటీ ప్రగతి చెప్పేటప్పుడు రెండు అంకెలు పతాకశీర్షికలకు ఎక్కుతాయి: ఎగుమతులు ఎన్ని కోట్లు, ఉద్యోగాలు ఎన్ని లక్షలు. అధికారులకు, ఈ సభకు వచ్చిన పాత్రికేయ మిత్రులకు నా మనవి ఒకటే. వాటి పక్కన మూడో అంకె వేయండి. తలకు ఎన్ని డాలర్లు, ధరల పెరుగుదల తీసేశాక. వీలైతే నాలుగోది కూడా: ఆ ఎగుమతుల్లో గంటల లెక్కన అమ్మినది ఎంత, పని లెక్కన అమ్మినది ఎంత. కంపెనీల ఒప్పందాల్లో ఆ వివరం ఉంటుంది, అడగండి. వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి ఎవరిని పిలిచినా, ఆ రెండు అంకెలూ వాళ్ల చేతిలో పెట్టి మైకు ఇవ్వండి.